ఉద్యోగ పరీక్షలో లెక్కల పట్టిక

పట్టా పుచ్చుకొని ఉద్యోగానికి వెళ్ళే మనలో పలువురికి నేడు ఎదురయ్యే పరీక్ష స్ప్రెడ్‌షీట్. 1979లో విసికాల్క్‌తో చిన్న కంప్యూటర్లకు చేరిన ఈ లెక్కల పట్టిక, 1985లో ఎక్సెల్ వెలువడిన తరువాత క్రమంగా కార్యాలయాలలో నిత్యావసరమైనది.

సూత్రాలు కంఠస్థం చేస్తే చాలునని మనం తలుస్తాము. కాని సూత్రం ఇచ్చిన జవాబు సరియైనదో కాదో తేల్చుకొనుటయే అసలు నేర్పు. ఒక అంకె అక్షరాల రూపంలో నమోదై ఉంటే, ‘సమ్’ దానిని విడిచి తక్కినవాటినే కూడుతుంది, తప్పని చెప్పదు. కావున ‘కౌంట్’, ‘కౌంట్ఎ’ ఫలితాలను పోల్చి చూడవలెను. మొదటిది అంకెలున్న గడులను మాత్రమే, రెండవది నిండిన గడులన్నింటినీ లెక్కిస్తుంది.

‘వీలుకప్’ సూత్రం చివర ‘ఫాల్స్’ అని వ్రాయకున్న, అది ఒకరి జీతాన్ని మరొకరి పేరున చూపవచ్చును. మహమ్మద్, మొహమ్మద్ అని రెండు విధాలుగా వ్రాసిన పేరు మనకు ఒక్కటే, యంత్రానికి రెండు. అందుచేత పేరుతో గాక ఉద్యోగి సంఖ్యతో వెదకవలెను. సూత్రాన్ని క్రిందికి నకలు చేసేటప్పుడు, మారరాని గడికి డాలరు గుర్తు ఉంచవలెను.

సాధనకు ఖరీదైన శిక్షణ అక్కరలేదు. ఉచితంగా లభించే లిబ్రెఆఫీస్ కాల్క్‌లో ఇంటి నెల ఖర్చులను 20 వరుసలలో వ్రాసి, రెండు మూడు తప్పులు చొప్పించి మిత్రునికి ఇద్దాము. అతని పట్టికను మనం తీసుకొని, గడియారం ముందుంచుకొని సరిదిద్దుదాము. మొత్తాన్ని కాగితంపైనా కూడి చూద్దాము. జీతాల పట్టికలో మన పొరపాటుకు నష్టపోయేది మరొకరి కుటుంబము. ఆ జాగ్రత్త మనలో ఉన్నదా అనియే ఈ పరీక్ష అడుగుతున్నది.