కంఠసర్పి - బడియీడు పిల్లలు

డిప్తీరియా యను వ్యాధిని తెలుగున కంఠసర్పి యందురు. ఆ పరభాషాపదమునకు మూలము తోలును దెలుపు గ్రీకు మాట. రోగి గొంతులో బూడిదవన్నె తోలువంటి పొర యేర్పడుటచే ఆ పేరు వచ్చినది. ఆ పొర గట్టిగా నంటుకొని యుండును. ఊడదీయబోయినచో నెత్తురు కారును. అది స్వరపేటికకు దిగినచో బిడ్డకు ఊపిరాడదు.

అయినను పొరకంటె విషము క్రూరమైనది. 1884లో లోఫ్లర్ ఈ క్రిమిని వేరుచేసి పెంచి, జంతువులకు ఎక్కించి చూచెను. అవి చచ్చినవి, లోపలి అవయవములు చెడినవి, క్రిమి మాత్రము ఎక్కించిన చోటనే యుండెను. అనగా క్రిమి తాను కదలకయే దూరమున నున్నదానిని చెరచుచున్నది! 1888లో రూ, యెర్సిన్ అనువారు ఆ విషమును వేరుపరచి చూపిరి. అది రక్తమున గలిసి గుండెను, నరములను దెబ్బతీయును. గొంతు నెమ్మదించినదని తలిదండ్రులు ఊరడిల్లిన పిమ్మట, రెండవ వారమున గుండె చెడి మరణించు బిడ్డలు కలరు. త్రాగిన నీరు ముక్కున వచ్చుట నరములు చెడుటకు గుర్తు.

1890లో బేరింగ్, కిటసాటోలు దీనికి ప్రతివిషమును ప్రకటించిరి. నేటికిని దానిని గుర్రపు నెత్తుటినుండియే తీయుచున్నారు. కణములలో చేరని విషమునే అది అణచగలదు. అందుచే వైద్యుడు పరీక్షాఫలమునకై వేచియుండక, అనుమానము కలిగినంతనే దాని నిచ్చును.

టీకా బలము కాలక్రమమున తగ్గును. 1990 తరువాత సోవియట్ దేశములలో లక్షన్నరకు పైగా జనులు ఈ వ్యాధి పాలైరి. వారిలో పెద్దవారు పెక్కుమంది. మన దేశమున 2018లో ఎనిమిది వేలకు పైగా కేసులు నమోదైనవి. హైదరాబాదున జనులు కోరంటి దవాఖానా యని పిలుచు జ్వరాల ఆసుపత్రి చిరకాలముగా ఈ రోగులను చూచుచున్నది. తెలుగువారు తరతరములుగా నున్న ఒడిశా రాయగడ జిల్లాలో 2024లో ఇది తలయెత్తినది. మునుపు పసివారి రోగమైన ఇది ఇపుడు బడియీడు పిల్లలలో హెచ్చుగా కనబడుచున్నది.

పుట్టిన 6, 10, 14 వారములకు, మరల 16-24 నెలల నడుమ టీకా వేయింతురు. ఇంతవరకు తల్లులు మరువరు. 5-6 ఏండ్లకు వేయవలసినదియు, 10, 16 ఏండ్లకు వేయు టి.డి. టీకాయు తప్పిపోవుచుండును. మన ప్రవాసాంధ్రుల యిండ్లలో టీకాచీటీ సాధారణముగా ఒడియాలోనో, కన్నడములోనో, తమిళములోనో యుండును; తెలుగు మాత్రమే చదువగల అవ్వకు అందలి ఖాళీ గడి తెలియదు. బడిలో చేర్చుకొను దినమున జన్మతేదీ పత్రముతోబాటు ఆ చీటీని గూడ అడిగి, అయిదవ యేటి గడి ఖాళీగా నున్నచో ఆరోగ్యకేంద్రమునకు కబురు చేయుట ఉపాధ్యాయునికి అయిదు నిమిషముల పని.