ఉగ్గాని

ఉగ్గాని అనునది నీటిలో తడిపిన బొరుగులకు తాలింపు పెట్టి చేసే అల్పాహారము. అనంతపురం, కర్నూలు, కడప ప్రాంతాలలోను, కర్ణాటకలోని బళ్ళారి ప్రాంతంలోను ఇది విశేషంగా వాడుకలో ఉన్నది. కోస్తా జిల్లాలలో మరమరాలని పిలిచేవాటినే రాయలసీమలో బొరుగులంటారు. దీనిని మిరపకాయ బజ్జీలతో కలిపి తినడం ఆనవాయితీ కనుక, అనంతపురం వీధులలోని చిన్న హోటళ్ళలో "ఉగ్గాని బజ్జి" అనే జంటపేరే వినిపిస్తుంది.

పేరు

కన్నడంలో "ఒగ్గరణె" అనగా తాలింపు. బళ్ళారి ప్రాంతంలో ఈ వంటకాన్ని ఒగ్గరణె అని, మండక్కి ఒగ్గరణె అని వ్యవహరిస్తారు. మండక్కి అనగా బొరుగులే. తెలుగు పేరు దీనినుండి వచ్చినదని భావించవచ్చును. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండి విడదీయబడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు బళ్ళారి పట్టణం మైసూరు రాష్ట్రానికి పోగా, రాయదుర్గం తాలూకా అనంతపురం జిల్లాలో చేరింది. సరిహద్దుకు రెండువైపులా ఉదయపు పలహారం మాత్రం ఒకటిగానే ఉండిపోయింది.

కరువు సీమలో బియ్యపు పలహారం

అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మి.మీ. మాత్రమే. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. ఈశాన్య ఋతుపవనాలకు ఈ పీఠభూమి దూరమవుతుంది. ఇక్కడి మెట్టపొలాలలో వరి పండదు. జొన్న, రాగి, కొర్ర నిత్యాహారంగా ఉండి, వరి అన్నం పండుగ భోజనంగా ఉన్న కాలం పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. తుంగభద్ర కాలువల నీరు, 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ప్రారంభించిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ స్థితిని మార్చాయి. సంగటి తగ్గి అన్నం పెరిగింది.

అయినను, బియ్యంతో చేసే పలహారాలన్నింటిలో ఉగ్గానికే ఈ నేలతో పొత్తు ఎక్కువగా కుదిరింది. ఇడ్లీకి, దోసెకు ముందురోజే పప్పు, బియ్యం నానబెట్టి, రుబ్బి, పిండి పులియనివ్వాలి. ఉగ్గానికి ఆ శ్రమ లేదు. బొరుగులు బట్టీలోనే వేగి వస్తాయి కనుక మళ్ళీ ఉడికించనక్కరలేదు. వంటచెరకు, నీరు, సమయం మూడూ కలిసివస్తాయి. తెల్లవారుజామున కూలికి బయలుదేరేవారికి పావుగంటలో వేడి పలహారం అందించగలగడం హోటలువారికి గొప్ప సౌకర్యం. గిరాకీని బట్టి కొంచెం కొంచెంగా చేసుకోవచ్చును. మిగిలిన బొరుగులు గోతాములో పొడిగా ఉంటే పాడుకావు.

తయారుచేయు విధానం

బొరుగులను బట్టీలో వేడి ఇసుకలో వేయించి పొంగిస్తారు. అందువలన వాటిలో సన్నని ఇసుక మిగిలి ఉండవచ్చును. వెడల్పాటి గిన్నెడు నీటిలో బొరుగులు పోసినపుడు ఇసుక అడుగుకు చేరుతుంది. కాబట్టి వాటిని జల్లెడలోనికి వంపకూడదు. పైన తేలుతున్నవాటిని చేతులతో తీసి, మెల్లగా పిండి, వేరొక పాత్రలో వేయాలి. ఎక్కువసేపు నానితే ముద్దయిపోతాయి. కొత్తగా చేసేవారు తప్పుచేసేది సాధారణంగా ఇక్కడనే.

బాణలిలో నూనె కాగిన తరువాత ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు వేయించి, పసుపు, ఉప్పు చేర్చి బొరుగులు కలుపుతారు. దించిన తరువాత నిమ్మరసం, కొత్తిమీర వేస్తారు. చివరగా పప్పులపొడి చల్లుతారు. ఇది వేయించిన శనగపప్పును, అంటే పుట్నాలను, దంచి చేసిన పొడి. కొందరు ఇందులో ఎండుకొబ్బరి కూడా కలుపుతారు. ఇది రుచికే కాక పిండినపుడు మిగిలిన తడిని పీల్చుకోవడానికి కూడా పనికివస్తుంది. బొరుగులలో మాంసకృత్తులు స్వల్పం కనుక, ఆ లోటును కొంత పూరించేదీ ఈ పొడే.

హోటళ్ళలో

పట్టణాలలో బస్టాండుల దగ్గర, పల్లెలలో రచ్చకట్టల చెంత, రెండు బల్లలున్న హోటళ్ళలోను, తోపుడు బండ్లమీదను ఉగ్గాని లభిస్తుంది. ఒక పొయ్యిమీద పసుపుపచ్చని ఉగ్గాని రాశి, పక్క పొయ్యిమీద బజ్జీల బాణలి సాధారణ దృశ్యం. పొడవైన బజ్జి మిరపకాయలను చీల్చి, వాము, ఉప్పు, చింతపండు కూరి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. బజ్జి వేడిగా ఉండగానే తుంచి, ఉగ్గానిలో నంజుకొని తినాలి. చల్లారితే పైపొర మెత్తబడి ఆ రుచి రాదు. తెలిసినవారు బజ్జీలు దిగేవరకు వేచియుండి మరీ పళ్ళెం అందుకుంటారు.

బండ్లమీద పాత వార్తాపత్రికలో పొట్లం కట్టి ఇచ్చే అలవాటు ఉన్నది. అచ్చుసిరా ఆహారానికి అంటుతుంది కనుక ఇది మంచిది కాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016లో హెచ్చరించింది. అంతకంటె విస్తరాకే మేలు.

వానలు లేని ఏళ్ళలో ఈ ప్రాంతంనుండి అనేక కుటుంబాలు పనికోసం బెంగళూరుకు వలసపోతుంటాయి. అక్కడి రాయలసీమ వంటల హోటళ్ళలో కూడా ఉగ్గాని, బజ్జి దొరుకుతాయి.