అల్యూమినియపు అగోచర కవచము

ఇనుప మడ్‌గార్డు మీది రంగు ఏండ్ల తరబడి నిలిచియుండగా, అదే మోటారుసైకిలు అల్యూమినియపు ఇంజనుకేసు మీద ఇంటిలో పూసిన రంగు పొరలు పొరలుగా నూడిపోవుటకు హేతువేమని ఒక విద్యార్థి తరగతిలో నడిగినాడు. ఇంత చిన్న ప్రశ్నలో ఎంతటి రసాయన రహస్యము ఇమిడియున్నది!

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూల్ అనువారు ఒకరినొకరు ఎరుగకయే, కరగిన క్రయొలైటను ఖనిజములో అల్యూమినాను, అనగా అల్యూమినియపు ఆక్సైడును, కరగించి విద్యుత్తుచే లోహమును వేరుచేయు విధానమును కనుగొనిన పిదప, అంతవరకు అపురూపముగా నుండిన అల్యూమినియము క్రమముగా సామాన్యుల వాహనములకు దిగివచ్చినది. ఐనను మన కన్నులు చూచునది నగ్నలోహము కాదు. గాలి సోకిన మరుక్షణమే దానిపై కొద్ది నానోమీటర్ల మందముగల ఆక్సైడు పొర యేర్పడును. ఇనుపతుప్పు తాను పుట్టిన లోహముకంటె రెండింతలకు మించిన స్థలము నాక్రమించి పగిలి రాలిపోవును. అల్యూమినియపు ఆక్సైడు సుమారు 1.28 రెట్లు మాత్రమే స్థలము గొనుటచే సందులేక పరచుకొని, గీచినను తత్క్షణమే మరల జనించి, లోహమును కాపాడును. లోహమునకు మిత్రమైన యీ కవచమే రంగునకు విరోధి: నున్నని బండపై విత్తు వేరూననట్లు, సాధారణ వర్ణలేపము దానిపై ఆనియుండునే కాని పట్టు చిక్కించుకొనజాలదు, అంచున తేమ దూరినంతనే వీడిపోవును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా నౌకాదళపు ఓడలకై రూపొందిన వాష్ ప్రైమరు, అనగా మన దుకాణములలో ఎచ్ ప్రైమరని యడుగునది, ఈ చిక్కును పరమ చమత్కారముగా విప్పినది. అందలి ఫాస్ఫారికామ్లము ఆక్సైడును కొంత కరగించి, అడుగునగల లోహముతో కలిసి ఫాస్ఫేటుగా మారుచుండగనే, పాలివినైల్ బ్యూటిరాల్ అను రెసిను ఆ నూతన పొరతో ముడివడి, పైనుండి రాబోవు రంగునకు పట్టు నిచ్చును. ఆమ్లము కలిసినది మొదలు చర్య ఆగదు గనుకనే దానిని వేరుడబ్బాలో నుంచి, వాడబోవునపుడే కలుపుదురు. పూత సుమారు పది మైక్రాన్లు చాలును. మందమైనచో మిగిలిన ఆమ్లము లోపల చిక్కుకొని పైరంగును చెరచును.

ఇంట చేయువారు జిడ్డును థిన్నరుతో తుడిచి, ఎమరీ కాగితముతో గరుకుచేసి, తడియారిన వెంటనే, గాలియాడు చోట ఈ పూత వేయవలెను. పాతరంగును తీయుటకు కాస్టిక్ సోడాను వాడరాదు. అది లోహమునే కరగించును. ఇంజను భాగములకు వేడి తాళు రంగే తగును.

ప్రైమరులో తొలుత వాడిన జింకు క్రోమేటు కాన్సరు కారకమగుటచే, జింకు ఫాస్ఫేటు వంటివి దాని స్థానము నాక్రమించుచున్నవి. పైరంగు ఎంత వెలగలదైనను దాని ఆయుస్సు అడుగునగల యీ పలుచని పూతకే యధీనము గనుక, శ్రద్ధలో సగపాలు దానికే యీయవలెను.