లోపలి గొంతుకు జవాబు చెబుదాం

అక్కలారా! మన గుత్తి రైలు జంక్షను. బళ్లారి వైపు నుంచి కన్నడం మాట్లాడేవాళ్లు వస్తుంటారు. ఆస్పత్రిలో డాక్టరమ్మకు తెలుగు వచ్చు, రోగికి కన్నడమే వచ్చు అనుకోండి. "అక్కా, నీకు రెండూ వచ్చు కదా, చెప్పు" అంటారు. ఇట్లా ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషిని దుబాసి అంటారు.

అప్పుడు గుండె దడదడలాడుతుంది. "నాకేమొచ్చు? తప్పు చెబితే నలుగురూ నవ్వరా?" అని లోపల ఒక గొంతు అంటుంది.

భయం రావడం తప్పు కాదు. రోజుకు ఒక మాత్ర అన్నది మన నోట రెండయితే రోగికి ముప్పు. కానీ ఆ గొంతునే వింటూ ఉంటే డాక్టరమ్మ మాట చెవికెక్కదు.

మరి ఏం చేయాలి?

ముందు గాలి నిదానంగా పీల్చి, ఇంకా నిదానంగా వదలాలి. దడ తగ్గుతుంది.

చెల్లెలు భయపడితే తిడతామా? ధైర్యం చెబుతాం. మనకు మనమూ అట్లే చెప్పుకోవాలి. "నాకు రెండు భాషలొచ్చు. తెలియకుంటే అడుగుతా" అనుకోవాలి.

అర్థం కాకుంటే "మళ్లీ చెప్పండమ్మా" అనాలి. ఊహించి చెప్పకూడదు. మాత్రల లెక్క కాగితం మీద రాసుకోవాలి. తప్పు చెబితే వెంటనే దిద్దుకోవాలి.

ఇది గౌరవమైన పని. 1830లో కాశీయాత్రకు బయలుదేరి, ఆ విశేషాలు తెలుగులో రాసిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసి.

దిగులు రోజుల తరబడి పోకుంటే, నిద్ర పట్టకుంటే డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోను చేయొచ్చు. డబ్బు కట్టే పని లేదు.

"నీకు అక్షరాలు రావు" అని ఒకప్పుడు ఆ గొంతే అన్నది. ఇప్పుడు ఈ పాఠం ఎవరు చదివినారు? మీరే కదా!