గ్రహాల కక్ష్యా వేగం

ఒక గ్రహం సూర్యుని చుట్టూ పరిభ్రమించే వేగాన్ని ఆ గ్రహం యొక్క కక్ష్యా వేగం అంటారు. సూర్యునికి దగ్గరగా ఉన్న గ్రహాలు వేగంగానూ, దూరంగా ఉన్నవి నెమ్మదిగానూ కదులుతాయి. బుధుడు సెకనుకు సగటున 47.4 కి.మీ. పయనిస్తుండగా, నెప్ట్యూన్ 5.4 కి.మీ. మాత్రమే పయనిస్తుంది. కావున దూరపు గ్రహానికి సంవత్సరం దీర్ఘంగా ఉండటానికి మార్గం పొడవు ఒక్కటే కారణం కాదు. ఆ మార్గంలో గ్రహం నెమ్మదిగా సాగడం కూడా కారణమే.

చరిత్ర

జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్, టైకో బ్రాహే సేకరించిన పరిశీలనలను, ముఖ్యంగా అంగారకుని స్థానాలను, ఏళ్ళ తరబడి గణించి, 1609లో మొదటి రెండు గ్రహగమన నియమాలను, 1619లో మూడవ నియమాన్ని ప్రచురించాడు. మూడవ నియమం ప్రకారం గ్రహం యొక్క పరిభ్రమణ కాలపు వర్గం, సూర్యుని నుండి దాని సగటు దూరపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఇలా ఎందుకు జరుగుతుందో 1687లో ఐజాక్ న్యూటన్ తన గురుత్వాకర్షణ సిద్ధాంతం ద్వారా వివరించాడు.

కారణం

వడిసెలలో తిరుగుతున్న రాయిని తాడు లోపలికి లాగుతున్నంతసేపు అది గుండ్రంగా తిరుగుతుంది. తాడు వదలగానే తిన్నగా దూసుకుపోతుంది. గ్రహం విషయంలో తాడు చేసే పనిని సూర్యుని ఆకర్షణ చేస్తుంది. దూరం రెట్టింపైతే ఈ ఆకర్షణ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆకర్షణ తగ్గిన చోట గ్రహం వేగంగా పోతే కక్ష్యలో నిలవక మరింత దూరం జరిగిపోతుంది. అందువల్ల దూరంగా ఉన్న వృత్తాకార కక్ష్యలో నిలవడానికి తక్కువ వేగమే తగినది.

గురుత్వాకర్షణ బలాన్ని, వృత్తాకార చలనానికి కావలసిన అభికేంద్ర బలానికి సమానం చేస్తే, కక్ష్యా వేగం దూరపు వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుందని తేలుతుంది. అనగా దూరం 4 రెట్లయితే వేగం సగమవుతుంది. 9 రెట్లయితే మూడో వంతవుతుంది. ఈ గణనలో గ్రహం ద్రవ్యరాశి రెండు వైపులా ఉండి కొట్టివేయబడుతుంది. భూమి కక్ష్యలో ఒక చిన్న గులకరాయి తిరిగినా దాని వేగం భూమి వేగమే.

గ్రహాల దూరాలు, వేగాలు

భూమికి, సూర్యునికి మధ్య సగటు దూరాన్ని (సుమారు 15 కోట్ల కి.మీ.) 1గా తీసుకొనగా:

| గ్రహం | సగటు దూరం | సగటు వేగం (సెకనుకు కి.మీ.) | పరిభ్రమణ కాలం |
|---|---|---|---|
| బుధుడు | 0.39 | 47.4 | 88 రోజులు |
| శుక్రుడు | 0.72 | 35.0 | 225 రోజులు |
| భూమి | 1.00 | 29.8 | 365.25 రోజులు |
| అంగారకుడు | 1.52 | 24.1 | 687 రోజులు |
| గురుడు | 5.20 | 13.1 | 11.9 సంవత్సరాలు |
| శని | 9.54 | 9.7 | 29.5 సంవత్సరాలు |
| యురేనస్ | 19.2 | 6.8 | 84 సంవత్సరాలు |
| నెప్ట్యూన్ | 30.1 | 5.4 | 165 సంవత్సరాలు |

ఉదాహరణకు గురుని దూరం 5.2. దీని వర్గమూలం 2.28. భూమి వేగం 29.8ని 2.28తో భాగిస్తే 13.1 వస్తుంది. గురుని మార్గం భూమి మార్గం కన్నా 5.2 రెట్లు పొడవు, వేగం 2.28 రెట్లు తక్కువ. ఈ రెండింటినీ గుణిస్తే 11.9 సంవత్సరాలు. గురుడు ఒక్కొక్క రాశిలో సుమారు ఒక సంవత్సరం ఉండటానికి, నదీ పుష్కరాలు 12 ఏళ్ళకొకసారి రావడానికి మూలం ఈ లెక్కలోనే ఉన్నది. శని ఒక్కొక్క రాశిలో దాదాపు రెండున్నర సంవత్సరాలు ఉంటాడు. శనైశ్చరుడు అనే పేరుకు మెల్లగా చరించువాడు అని అర్థం.

ఒకే కక్ష్యలో వేగ భేదం

పై పట్టికలోనివి సగటు వేగాలు. గ్రహాల కక్ష్యలు పూర్తి వృత్తాలు కాక దీర్ఘవృత్తాలు గనుక, ఒకే గ్రహం కూడా సూర్యుని సమీపించినపుడు వేగంగానూ, దూరమైనపుడు నెమ్మదిగానూ కదులుతుంది. గ్రహాన్ని సూర్యునితో కలిపే రేఖ సమాన కాలాలలో సమాన వైశాల్యాలను చిమ్ముతుందని కెప్లర్ రెండవ నియమం. బుధుని వేగం సెకనుకు 59 కి.మీ. నుండి 39 కి.మీ. వరకు మారుతుంది.

భూమి జనవరి మొదటి వారంలో సూర్యునికి 14.7 కోట్ల కి.మీ. దూరంలో ఉండి సెకనుకు 30.3 కి.మీ. వేగంతోను, జులై మొదటి వారంలో 15.2 కోట్ల కి.మీ. దూరంలో ఉండి 29.3 కి.మీ. వేగంతోను సాగుతుంది. ఈ స్వల్ప భేదం పంచాంగంలో కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల మధ్య వచ్చే ధనుర్మాసం సుమారు 29న్నర రోజులుండగా, జూన్, జులైల మధ్య సూర్యుడు మిథున రాశిలో ఉండే కాలం సుమారు 31న్నర రోజులు. భూమి సూర్యునికి అతి సమీపంలో ఉన్నపుడే మనకు చలికాలం కావడాన్ని బట్టి, ఋతువులకు కారణం దూరం కాదనీ, భూమి అక్షపు వాలు అనీ గ్రహించవచ్చు.

ప్రాముఖ్యత

ఒక గ్రహం దూరం, వేగం తెలిస్తే సూర్యుని ద్రవ్యరాశిని లెక్కకట్టవచ్చు. ఇదే పద్ధతి గెలాక్సీలకూ వర్తిస్తుంది. వెలుగంతా ఎక్కువగా మధ్యభాగంలో ఉన్నది గనుక, గెలాక్సీ అంచులలోని నక్షత్రాలు దూరపు గ్రహాల వలె నెమ్మదిగా తిరగాలి. అయితే 1970వ దశకంలో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ జరిపిన పరిశీలనలలో వాటి వేగం దూరంతోపాటు అలా తగ్గడం లేదని తేలింది. కంటికి కనిపించని ద్రవ్యరాశి అక్కడ ఉన్నదని అత్యధిక శాస్త్రవేత్తల అభిప్రాయం. దీనిని కృష్ణ పదార్థం అంటారు. అది ఏ కణాలతో ఏర్పడినదో ఇంకా నిర్ధారణ కాలేదు.