ఎవరి నంది వారికి ముద్దు

మోటారు సైకిల్ ఎంపికలో కనబడే అభిరుచి భేదాన్ని సాధారణంగా డబ్బుకో వయసుకో ముడిపెడుతుంటారు గాని, నంద్యాల జిల్లాలో మహానంది చుట్టూ ఉన్న దారులను గమనిస్తే, నేల తీరు, ఎక్కుడు, బండి మోయవలసిన బరువు కూడా ఆ ఎంపికను అంతే గట్టిగా శాసిస్తాయని తెలుస్తుంది. నంద్యాల నుంచి అరటితోటల మీదుగా మహానందికి వచ్చే దారి చాలావరకు చదునైనది. గాజులపల్లె దాటి గిద్దలూరు వైపు మళ్లితే నల్లమల ఘాట్ మలుపులు మొదలవుతాయి. నంద్యాల మీదుగా కర్నూలును కడపతో కలిపే 40వ నంబరు జాతీయ రహదారి మాత్రం వేగానికి అనువైనది. పొలం, కొండ, హైవే ఇంత దగ్గరగా ఉన్నచోట ఒకే బండి అందరికీ నచ్చకపోవడంలో వింత లేదు.

ఈ ప్రాంతంలో హోదాకు గుర్తుగా నిలిచింది బుల్లెట్. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం ఎంచుకున్న ఈ బండిని ఇక్కడే తయారు చేయడానికి 1955లో మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపింది. కాలక్రమంలో పుట్టినింట ఉత్పత్తి ఆగిపోయినా మద్రాసులో మాత్రం ఆగలేదు. పాత బుల్లెట్లలో గేరు కుడికాలి వైపు, వెనక బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి కాబట్టి, వేరే బండికి అలవాటు పడినవారికి దాన్ని ఇవ్వడానికి యజమానులు జంకేవారు, ఆ జంకునే గొప్పగా కూడా చెప్పుకొనేవారు.

దీనికి ఎదురు నిలిచేది యమహా ఆర్ఎక్స్ 100. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిపోయిన ఈ బండిది టూ స్ట్రోక్ ఇంజను, అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలేసరికే ఇంధనం మండి శక్తి పుట్టే ఏర్పాటు. ఫోర్ స్ట్రోక్‌లో అదే పనికి నాలుగు కదలికలు కావాలి. తేలికదనం, చురుకుదనం అందువల్ల వచ్చినవే. పెట్రోలుతోపాటు నూనె కూడా మండడం వల్ల వచ్చే నీలిపొగ, చివరికి కాలుష్య నిబంధనల ముందు ఓటమి కూడా అందువల్ల వచ్చినవే. ఈ రెండు వర్గాల వాదులాట ఏళ్ల తరబడి తెగకపోవడానికి అంకెల్లోనే ఒక కారణం ఉంది. ఆర్ఎక్స్‌కు సుమారు 100 కిలోల బరువు మీద 11 అశ్వశక్తి ఉండగా, నేటి 350 సీసీ బుల్లెట్‌కు సుమారు 195 కిలోల మీద 20 అశ్వశక్తి ఉంది. అంటే కిలోకు వచ్చే శక్తి రెండింటిలోనూ దాదాపు సమానమే. అయితే ఇద్దరు మనుషులు ఎక్కి 140 కిలోలు అదనంగా చేరితే ఈ లెక్క బుల్లెట్ వైపు స్పష్టంగా మొగ్గుతుంది. ఒంటరిగా తిరిగే కుర్రవాడు యమహాను, భార్యాబిడ్డలతో ఘాట్ ఎక్కే గృహస్థు బుల్లెట్‌ను పొగడడం, ఇలా చూస్తే, ఎవరి అనుభవానికి వారు న్యాయం చేయడమే.

ఈ వాదంలో పేరు వినబడకుండానే పని కానిచ్చేది 1994లో వచ్చిన స్ప్లెండర్. 100 సీసీ లోపు ఇంజను, లీటరుకు ఎక్కువ దూరం, ఏ పల్లెలోనైనా దొరికే విడిభాగాలు, ఇవి చాలు పాలక్యాన్లకూ ఎరువుల బస్తాలకూ. సౌందర్య చర్చలో దానికి చోటు దక్కకపోవడం అన్యాయమే.

పరిహాసానికి వేదిక మెకానిక్ షెడ్డు. బుల్లెట్ వచ్చి ఆగితే, “నీ బండి ఎనకాల బోల్టులు ఏరేదానికి ఒగర్ని పెట్టుకోప్పా” అని ఒకరు అంటారు. యమహా పొగ వదిలితే, “దోమల మందు కొట్టేదానికి వచ్చినావా సామీ” అని జవాబు వస్తుంది. స్ప్లెండర్ మనిషి తీరిగ్గా, “మీరు బంకు కాడ ఉండంగనే మేం గిద్దలూరులో టీ తాగుతాంటాం” అని ఇద్దరికీ కలిపి ఒకటి అంటిస్తాడు. ఇంజను నుంచి నూనె కారడం ఆగిందంటే లోపల నూనె అయిపోయినట్టేనన్న ఛలోక్తిని పాత బుల్లెట్ యజమానులు తమమీద తామే వేసుకొంటారు.

వాహనాల మీద అభిమానం ఎల్లప్పుడూ ఇంత మెత్తగా ఉండదు. 1964లో ఇంగ్లండులో స్కూటర్లు నడిపే ‘మాడ్స్’, మోటారు సైకిళ్లు నడిపే ‘రాకర్స్’ అనే యువజన వర్గాలు బ్రైటన్ వంటి సముద్రతీర పట్టణాల్లో వీధి కొట్లాటలకే దిగాయి. అక్కడ బండితోపాటు దుస్తులు, సంగీతం, కూడే చోట్లు కూడా వేరుపడ్డాయి. చిన్న ఊళ్లలో అన్ని బండ్లకూ షెడ్డు ఒకటే, పానా పట్టే చేయి ఒకటే, చాలా ఇళ్లలో తండ్రి బండీ కొడుకు బండీ ఒకే చూరు కింద ఉంటాయి కాబట్టి, ఎగతాళి ముదిరి పగగా మారడానికి సందు తక్కువ. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్ల అభిమానులు నగరాల్లో జరుపుకొనే వేడుకలో కూడా ఇటువంటి కలివిడితనమే కనిపిస్తుంది. 1961లో మైసూరులో తయారీ మొదలై 1996లో మూతబడిన ఆ కార్ఖానా బండ్లను, ఒకే లీవరుతో కిక్కూ గేరూ నడిచే వాటి చమత్కారాన్నీ చూడడానికి ఇతర బండ్లవారు కూడా వస్తారు.

కార్తీక మాసంలో నంద్యాల పట్టణంలోనూ చుట్టుపక్కలా ఉన్న తొమ్మిది నందుల ఆలయాలను ఒక్కరోజులో దర్శించే నవనందుల యాత్రకు మోటారు సైకిల్ ఎంతో వీలైన వాహనం కావడంతో, ఈ వర్గాలన్నీ మహానంది కోనేటి దగ్గర కలుస్తాయి. అయితే సైలెన్సరు మార్చి చెవులు చిల్లులుపడే శబ్దంతో కొండదారి ఎక్కడాన్ని అభిరుచి ఖాతాలో వేయడం కుదరదు. అది చట్టం ఒప్పని పని, పైగా 2024లో మహానంది పరిసరాల్లో చిరుత సంచారం కలకలం రేపిన సంగతి తెలిసినవారు చేయదగిన పని కాదు. ఏ బండి నడిపేవారైనా గాజులపల్లె దాటేటప్పుడు వేగం తగ్గించాలి, కంపెనీ అమర్చిన సైలెన్సరునే ఉంచుకోవాలి, వెనక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ పెట్టించాలి.