వేలంపాటలో వాహనం: చవక బేరానికి షరీఅత్ హద్దులు

గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి వేలంపాట కొత్త విషయం కాదు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దించిన రైతుకు ఆనాటి ధర తెలిసేవరకు ముద్ద దిగదు. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడినది. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు వేలం మొదలైన తరువాత ఒంగోలు, టంగుటూరు, కొండపి ప్రాంతాల వారికి ఈ పద్ధతి మరింత పరిచితమైనది. (పొగాకు సేద్యం గురించి ఉలమా చెప్పేది వేరే సంగతి, ఇక్కడ ప్రసక్తి అమ్మే తీరు గురించి మాత్రమే.) ఈ రెండు చోట్లా రైతు అమ్మకందారు. తన సరుకు పక్కనే నిలబడి, ధర పెరగాలని కోరుకుంటూ వుంటాడు.

ఇదే ప్రాంతంలో మరొక వేలం కూడా జరుగుతుంది. వాయిదాలు చెల్లించలేని వారి నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు స్వాధీనపరచుకొన్న ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు, కార్లు అమ్మే వేలం. అక్కడ కొనేవారు వుంటారు, అమ్మించేవారు వుంటారు. బండి ఎవరిదో ఆ మనిషి మాత్రం సాధారణంగా కనిపించడు. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు ఈ జిల్లాల రైతులు అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకొన్న సంగతి అందరూ ఎరిగినదే. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చితోటలను ఊడ్చింది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర ఎంతగా పడిపోయినదంటే, కేంద్రప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున మార్కెట్ జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చినది. ఇటువంటి ఏడాది ట్రాక్టరు వాయిదా ఆగిపోవటంలో ఆశ్చర్యమేమున్నది? ఆ ట్రాక్టరును పాటలో చవకగా కొనాలనుకొనే ముస్లిం సోదరుడు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ చవక ఎవరి చేతి నుండి వస్తున్నది?

వేలం ధర్మసమ్మతమే. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ, ఇబ్నెమాజా గ్రంథాలలో వున్నది. ఒక పేద అన్సారీ సహాయం అర్థిస్తూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. ఆయన ఇంట్లో వున్నవల్లా ఒక ముతక గుడ్డ, ఒక పాత్ర. వాటిని తెప్పించి, ఎవరు కొంటారని ప్రవక్త (స) అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. అంతకు మించి ఇచ్చేవారెవరని మళ్ళీ అడిగారు. మరొకరు రెండు దిర్హములిచ్చి తీసుకొన్నారు. ఒక దిర్హముతో తిండి గింజలు, మరొక దిర్హముతో గొడ్డలి కొనవలసినదిగా ఆ అన్సారీని ఆదేశించారు. కట్టెలు కొట్టి అమ్ముకొన్న ఆయన పదిహేను రోజులలో పది దిర్హములు సంపాదించారు. ఈ ఉల్లేఖన పరంపరలో ఒక వ్యక్తి గురించి హదీసువేత్తలు సందేహం వెలిబుచ్చినప్పటికీ, వేలం సమ్మతమేనన్నది అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. యుద్ధసొత్తును వేలం వేయటంలో పూర్వులు తప్పు చూడలేదని తాబయీ అతా పలికిన మాటను ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. సోదరుని బేరంపై బేరమాడవద్దన్న హదీసు ఇందుకు అడ్డురాదు. అమ్మకందారుడు ఒకరికి ఇవ్వటానికి మొగ్గిన తరువాతనే ఆ నిషేధం వర్తిస్తుంది. పాట నడుస్తున్నంతసేపు ఆయన ఎవరివైపూ మొగ్గలేదు గదా.

ఆ గుడ్డ, ఆ పాత్ర రెట్టింపు ధరకు పోవటం వల్లనే పేదవాని చేతికి గొడ్డలి వచ్చినదన్న సంగతి గమనించదగినది.

స్వాధీనమైన వాహనం విషయంలోనూ ధర ఎక్కడికి పోతుందో చూడాలి. తాకట్టు వస్తువు గురించి భారత కాంట్రాక్టు చట్టం 176వ సెక్షన్ చెప్పేది స్పష్టం: సహేతుకమైన నోటీసు ఇచ్చి అమ్మవచ్చు, వచ్చిన సొమ్ము బాకీకి చాలకపోతే మిగిలిన దానికి బాకీదారే బాధ్యుడు, ఎక్కువ వస్తే ఆ ఎక్కువ ఆయనకు తిరిగి ఇవ్వాలి. ఒక ట్రాక్టరుపై నాలుగు లక్షల బాకీ వున్నదనుకుందాం. పాట నాలుగు లక్షల అరవై వేలకు పోతే అరవై వేలు రైతు ఇంటికి చేరాలి. మూడు లక్షలకే పోతే బండీ పోయి, లక్ష అప్పూ నెత్తిన మిగులుతుంది. కొన్నవాడు నష్టం కంపెనీదని అనుకొంటాడు. ఆ భారం మోసేది పొలంలో వున్న మనిషి.

బాకీదారుని సొత్తును అతని ఇష్టానికి విరుద్ధంగా అమ్మవచ్చునా అన్న ప్రశ్న ఫిఖహ్‌లోనూ తేలికగా తేలలేదు. న్యాయాధిపతి అతన్ని నిర్బంధించి అతనిచేతనే అమ్మించాలే తప్ప తాను అమ్మరాదని ఇమామ్ అబూహనీఫా అన్నారు. ఆయన శిష్యులు అబూయూసుఫ్, ముహమ్మద్ గార్లు అమ్మవచ్చునన్నారు. హనఫీ ఫత్వా వీరి మాట మీదనే వున్నది. ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఉదంతం ఒకటున్నది. జుహైనా తెగకు చెందిన ఉసైఫీ అనే మనిషి హాజీలకంటే ముందే చేరుకోవాలన్న ఉబలాటంతో హెచ్చు ధరలకు ఒంటెలను అరువు మీద కొనేవాడు. చివరకు దివాలా తీశాడు. అతని ఆస్తిని పంచిపెడతామనీ, బాకీ రావలసినవారు మరునాటి ఉదయం రావలెననీ ఖలీఫా ప్రజల ముందు ప్రకటించారు. వేగం కోసం అప్పుచేసి వాహనం కొనటం మన కాలపు జబ్బు మాత్రమే కాదన్నమాట! అయితే ఇక్కడ పంపకం చాటుగా జరగలేదు. అందరి ఎదుట, ముందు తెలియజేసి జరిగింది.

ఇక పాటలో జరిగే మోసాలు. మొదటిది ‘నజష్’. కొనే ఉద్దేశం లేకుండా, ఇతరులను ఎగదోయటానికి ధర పెంచటం. దీనిని ప్రవక్త (స) నిషేధించారని హజ్రత్ ఇబ్నెఉమర్ (రజి) ఉల్లేఖించారు; బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ వున్నది. మన దేశపు 1930 నాటి వస్తువిక్రయ చట్టం 64వ సెక్షన్ కూడా, అమ్మకందారుడు దొంగపాటతో ధర పెంచితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకొనే హక్కు కొనుగోలుదారుకు వున్నదంటుంది. 1993 జూన్‌లో బ్రూనై రాజధానిలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మరికొంత ముందుకు వెళ్ళి, ఇంత ధర ఇప్పటికే వచ్చిందని అమ్మకందారుడు అబద్ధమాడటాన్నీ, సరుకును లేనిపోని గుణాలతో ప్రచారం చేయటాన్నీ నజష్‌లోనే చేర్చినది.

నజష్‌ను అందరూ తప్పంటారు, ఎందుకంటే దానివల్ల నష్టపడేది కొనేవాడు. రెండవ మోసాన్ని మాత్రం తెలివితేటలని మెచ్చుకొంటారు. కొనేవారంతా ముందే కూడబలుక్కొని, ఒకరు మాత్రమే పాడటం, మిగిలినవారు మౌనం వహించటం. దీనికి సిండికేటు అని పేరు. తప్పుకొన్నవారికి ముట్టే సొమ్మును ‘గుడ్‌విల్’ అంటారు. మాట ఎంత తియ్యగా వున్నదో! కొన్నిచోట్ల బయట పాట ముగిశాక లోపల అసలు పాట జరుగుతుంది. రెండు ధరల మధ్య తేడాను పంచుకొంటారు. ఆ తేడా వస్తువు యొక్క నిజమైన విలువలో భాగం. న్యాయంగా అది బాకీదారుని లెక్కలో జమ కావలసిన సొమ్ము.

మాలికీ ధర్మవేత్తలు ఇక్కడ సూక్ష్మమైన గీత గీశారు. ఒక వ్యక్తి మరొక వ్యక్తిని “నాకు ఈ వస్తువు అవసరం, నీవు పాడకు” అని కోరవచ్చు. పాటదారులందరితోనో, అధికసంఖ్యాకులతోనో అటువంటి ఒప్పందం చేసుకోరాదు. అది అమ్మకందారునికి హాని. ఇమామ్ ఇబ్నెతైమియా ‘అల్-హిస్బా’లో, వర్తకులు ఏకమై సరుకును విలువకంటే తక్కువకు కొనటం, ఊరి బయటే రైతుకు ఎదురేగి కొనటంకన్నా పెద్ద అన్యాయమన్నారు. ఆ ఎదురేగి కొనటాన్ని హదీసు ఎందుకు నిషేధించిందో మిర్చి రైతుకు వివరించనక్కరలేదు. యార్డు ధర తెలియని మనిషి కల్లంలోనే సరుకు ఇచ్చివేస్తే ఏమవుతుందో ఆయనకు అనుభవమే. ఇద్దరు సోదరులు ఒక్కొక్కరికి స్తోమత చాలక వాటాలు వేసుకొని ఒక లారీ పాడటం మాత్రం భాగస్వామ్యం, దోషం లేదు. పోటీని చంపటానికి కలిశారా, కొనటానికి కలిశారా అన్నదే తేడా.

అయితే న్యాయంగా చవకకు కొనటం ఎలా? చాలా మార్గాలున్నవి, అన్నింటికీ మూలం శ్రమ. ఇటువంటి పాటలలో సాధారణంగా ‘ఉన్నది ఉన్నట్లుగా’ అన్న షరతు వుంటుంది. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత నిరాకరించే హక్కును హనఫీ ఫిఖహ్ ఇస్తుంది. కాని లోపాలన్నింటి నుండి అమ్మకందారుడు బాధ్యత వదలించుకొనే షరతుతో అమ్మితే, తరువాత లోపం బయటపడినదని బండిని తిరిగి ఇచ్చే వీలు ఆ ఫిఖహ్‌లోనే వుండదు. (తెలిసిన లోపాన్ని దాచిన పాపం మాత్రం దాచినవానిదే.) కాబట్టి చూడటానికి ఇచ్చిన రోజున నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని వెళ్ళాలి. నెలల తరబడి ఎండకు, వానకు నిలిచిన బండికి టైర్లు, బ్యాటరీ, రబ్బరు గొట్టాలు పోయి వుంటాయి. ఛాసిస్ నెంబరు, ఇంజను నెంబరు ఆర్‌సీతో సరిపోవాలి. పన్ను బకాయి, చలాన్లు, బీమా, సరుకు బండికైతే పర్మిట్టు, ఫిట్‌నెస్ విచారించాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో, పాత బండ్ల వ్యాపారి వద్దనో అదే రకం, అదే సంవత్సరపు బండి ఎంతకు పోతున్నదో తెలుసుకొని, అందులోనుండి మరమ్మతు, బకాయిలు, బదిలీ ఖర్చులు తీసివేస్తే మిగిలేదే గరిష్ఠ ధర. దానిని ఇంటివద్దనే కాగితం మీద రాసుకోవాలి. పాటలో పంతం వస్తుంది. పక్కవాడు ఐదు వందలు పెంచితే మనిషి వెయ్యి పెంచుతాడు. అప్పుడు పాడేది అవసరం కాదు, అహంకారం. ఇంటర్నెట్టు ద్వారా జరిగే పాటలో ఎదుటి ముఖం కనిపించకపోయినా ఈ జబ్బు తగ్గదు.

ఈ విధంగా శ్రమపడినవాడు, ఇతరులు అనుమానంతో వెనుదీసిన బండిని తక్కువకు పొందితే అది అతని జ్ఞానానికి దక్కిన ఫలం. ఎవరి హక్కునూ అతను తినలేదు.

పాటకు ముందు కట్టించుకొనే ధరావతును అకాడమీ సమ్మతించినది. పాట దక్కనివారికి దానిని తిరిగి ఇవ్వాలి. గెలిచి, గడువులో డబ్బు కట్టనివాని బయానా జప్తు చేయటాన్ని హనఫీలు అంగీకరించరు, హంబలీలు అంగీకరిస్తారు. గడువు నిర్ణయించబడితే సమ్మతమేనని అకాడమీ అదే సమావేశంలో తీర్మానించినది. చేతిలో సొమ్ము లేకుండా పాడి, తరువాత వడ్డీకి పరుగెత్తే పరిస్థితి తెచ్చుకొన్నవాడు మరొకరి వడ్డీ గోతిలోనుండి బండిని తీసి తానే అందులో దిగినట్లవుతుంది.

మిగిలినది బండి ఏవిధంగా స్వాధీనమైనదన్నది. దౌర్జన్యంగా లాక్కొన్నదని తెలిసిన వస్తువును కొనటం షరీఅత్‌లో కూడదు. అప్పుల వసూలుకు గూండాలను వాడరాదని సుప్రీంకోర్టు కూడా 2007లో గట్టిగా హెచ్చరించినది. కనుక బాకీదారునికి అమ్మకపు నోటీసు అందినదా అని పాటకు ముందే అడగాలి. సమాధానం దొరకనిచోట పాడకుండా వుండటమే మేలు. కాగితాల విషయమూ ఇంతే. ప్రభుత్వ వేలంలో కొన్న వాహనానికి అమ్మకపు ధ్రువీకరణతో ఫారం 32 పై ముప్పై రోజులలోగా రవాణాశాఖకు దరఖాస్తు చేసుకోవాలి. ఫైనాన్సు సంస్థ స్వాధీనపరచుకొన్న బండికైతే ఆ సంస్థ ఫారం 36 ద్వారా ఆర్‌సీని తన పేరిట మార్పించుకొన్నదో లేదో చూడాలి. అది జరగనంతవరకు ఆర్‌సీలో వుండేది పాత యజమాని పేరే. ఆ బండితో ప్రమాదం జరిగితే మొదటి నోటీసు వెళ్ళేది కూడా ఆయన ఇంటికే.